జడకోపు విప్పిన సాయంత్రం

హుసేను పోయాడన్న కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. తెలిసిన మర్నాడే బయలుదేరాను. నందికొట్కూరు దాటాక రోడ్డు బాగానే ఉంది గానీ నా మోకాళ్ళు బాగా లేవు. కారు దిగి వాళ్ళ వాకిట్లోకి నడిచేసరికి ఆయాసం వచ్చింది. హుసేను కొడుకు మస్తాను ఎదురొచ్చి, చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టాడు. తర్వాత అతను లోపలికి వెళ్ళి ఎర్రగుడ్డలో చుట్టిన ఒక చిన్న మూట తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. విప్పి చూస్తే కంచు తాళాలు. అంచులు అరిగి పల్చబడ్డాయి, మధ్యలో తాడు మాత్రం కొత్తది.

"మీ ఇంటివంట ఇవి, చిన్నాయనా. నాయన పొయ్యేముందర చెప్పినాడు, మీ చేతికే ఇయ్యమని" అన్నాడు మస్తాను.

ఆ తాళాలను అటూ ఇటూ తిప్పి చూశాను. నేను బతుకంతా కంప్యూటర్లకు పాఠం చెప్పినవాడిని. అంటే కంప్యూటర్లకు ఏం చెప్పాలో పిల్లలకు చెప్పినవాడిని. ప్రోగ్రాములు రాయడం నేర్పాను, ఒకే పనిని అనేక యంత్రాలు పంచుకుని చేసేటప్పుడు ఒకదాని కాలికి ఒకటి అడ్డం పడకుండా ఎలా నడపాలన్న దాని మీద పరిశోధన చేశాను. ఈ విద్య ఎక్కడ నేర్చుకున్నారని సభల్లో అడిగితే ఫలానా విశ్వవిద్యాలయం, ఫలానా ఆచార్యుడు అని చెప్పి ఊరుకునేవాడిని. అది అబద్ధం కాదు. కానీ అసలు బడి మా పెద్దనాయన కళ్ళం. ఆ మాట మైకు ముందు చెబితే నవ్వుతారని చెప్పలేదు. ఇప్పుడు ఎవరు నవ్వినా నాకు బాధ లేదు కనక చెబుతున్నాను.

మా నాయన డోన్‌లో రైల్వే పనిలో ఉండేవాడు. అక్కడి క్వార్టర్స్ ఇరుకు, వేసవి వస్తే నీళ్ళకు కటకట. అందుకని నన్ను చిన్నప్పుడే మా పెద్దనాయన ఇంట్లో వదిలిపెట్టారు. నాకది ఎంతో మేలైంది. ఆ ఇంట్లో తెల్లవారడమంటే వెలుగు రావడం కాదు, పెద్దమ్మ జొన్నరొట్టె తట్టే చప్పుడు రావడం. చప్పుడు వెనకాలే వేరుశనగలు వేయించిన వాసన, దాని వెనక రోట్లో ఊరిబిండి పచ్చడి నూరే వాసన. నడిమి ఇంట్లో కప్పు తాకేదాకా పత్తి. నేను దాని మీదే పడుకునేవాణ్ణి, పొద్దున లేచి ఒళ్ళంతా గోక్కునేవాణ్ణి. పెద్దనాయన మాత్రం అప్పటికే వేపపుల్ల నోట్లో పెట్టుకుని గడప మీద కూర్చుని, ఏదో ఒక తాడు చిక్కు తీస్తూ ఉండేవాడు. ఎద్దుల పలుపో, కపిలబావి మోకో, పెద్దమ్మ కొంగుకు కట్టుకున్న తాళంచెవుల దారమో, ఏదైనా సరే. ఆ ఇంట్లో తాడుకు కొడవలి పెట్టడానికి వీల్లేదు. చిక్కు పడ్డ తాడును ఒళ్ళో వేసుకుని ముందు కొంతసేపు ఊరికే చూసేవాడు. అంత పెద్ద చేతులతో అంత నెమ్మదిగా పని చేసే మనిషిని నేను తర్వాత ఎక్కడా చూడలేదు.

"ఈయప్ప చిక్కు ఇప్పేలోపల ఎద్దు ముసల్ది అయిపోతాది" అనేది పెద్దమ్మ లోపలినుంచి.

"కోస్తే తాడు పొట్టిదైతాది గానీ, చిక్కు ఎట్ల పడిందో తెల్దు గదనే. రేపు మల్ల పడతాది" అనేవాడాయన, తల ఎత్తకుండానే.

ఆయన సేద్యగాడు. కానీ చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన పేరు సేద్యంతో రాలేదు, కోలాటంతో వచ్చింది. పంటలు ఇంటికి చేరి పొలాలు ఖాళీ పడ్డాక, కళ్ళం ఊడ్చి పేడనీళ్ళు చల్లించేవాడు. సాయంత్రం పశువులు ఇళ్ళకు వచ్చే వేళకు మేమందరం కోలలు చంకలో పెట్టుకుని అక్కడ చేరేవాళ్ళం. ఆయన మధ్యలో నిలబడి ఈ తాళాలే మోగించేవాడు. ఇవి ఆయనకు ఆయన గురువు ఇచ్చినవి. కోలాటంలో ఒక్కో ఆట తీరును కోపు అంటారు. అన్నిటికంటే కష్టమైనది జడకోపు. పైన ఒక కొమ్మకు రంగురంగుల తాళ్ళు కట్టి కిందికి వదులుతారు. ఒక్కొక్కరు ఒక చేత్తో తాడు, ఒక చేత్తో కోల పట్టుకుని గుండ్రంగా తిరగాలి. సగం మంది ఇటు, సగం మంది అటు. ఎదురైన వాళ్ళను ఒకసారి లోపలినుంచి, ఒకసారి బయటనుంచి దాటుతూ పోతే పైన తాళ్ళన్నీ జడగా అల్లుకుంటూ వస్తాయి. అల్లడం సగం ఆటే. మళ్ళీ వెనక్కి నడిచి ఆ జడను విప్పితేనే ఆట పూర్తయినట్టు.

దీన్ని పెద్దనాయన నేర్పిన తీరు చెప్పాలి. మొత్తం ఆట ఎవరికీ చెప్పేవాడు కాదు. ఒక్కొక్కరికి వాళ్ళ అడుగు మాత్రమే చెప్పేవాడు. "నీ ఎదురుగా వచ్చేవోన్ని చూడు. ఒకతూరి లోపల, ఒకతూరి బయట. పైకి చూడొద్దు. జడ సంగతి జడ చూసుకుంటాది." అంతే పాఠం. ఇంకొక్క కట్టడి ఉండేది: "తాళం ఆగితే కాలు ఆగల్ల." అంటే ఎక్కడి కాలు అక్కడే ఆగి తీరాలి. పైన ఏం అల్లుకుంటోందో మాలో ఒక్కరికీ తెలియదు, అయినా ఎంత అందమైన జడ తయారయ్యేదో! ఎవరికీ మొత్తం తెలియనక్కర లేకుండా, ప్రతి ఒక్కరూ తమ చిన్న నియమం తప్పకుండా పాటిస్తే పెద్ద పని జరిగిపోతుందన్న సంగతి నేను ఆ కళ్ళంలో కాళ్ళతో తెలుసుకున్నాను. తర్వాత చాలా ఏళ్ళు పట్టింది దాన్ని గణితంలో రాయడానికి. మా పెద్దనాయన చెప్పినంత తేటగా నేను ఏ వ్యాసంలోనూ రాయలేకపోయాను.

హుసేను మా జట్టులోకి చివర వచ్చినవాడు. వాళ్ళ నాయన దూదేకేవాడు. మా ఇంటి పత్తి ఆయన చేతికి వెళ్ళి పరుపులై తిరిగి వచ్చేది. ఆయన దూదేకే విల్లు మోగుతుంటే వీధంతా ఒకటే రొద. జడకోపు తాళ్ళు కూడా ఆయన పేనినవే. నూలు పేని, రంగు వేసి, "పెద్దరెడ్డీ, ఇవి తెగవు, నువ్వు తెంపల్లంటే తప్ప" అని ఇచ్చాడట. అప్పుడు పెద్దనాయన వాకిట్లో నిలబడ్డ హుసేనును చూసి, వీణ్ణి నాకు పంపు అన్నాడట. హుసేను బిడియస్తుడు. మాట్లాడితే నేలను చూసి మాట్లాడేవాడు. ఆడేటప్పుడు మాత్రం పెద్దనాయన చేతులకేసి రెప్ప వేయకుండా చూసేవాడు. నాకు ఉద్దిగా, అంటే ఎదురు నిలబడి కోల తగిలించే జతగాడిగా, వాణ్ణే నిలబెట్టారు. కొత్తవాడి పక్కన నిలబడాల్సి వచ్చిందని నేను కొంచెం మూతి ముడుచుకున్న మాట నిజమే గానీ, రెండు రోజుల్లోనే మేము ప్రాణస్నేహితులమయ్యాం.

ఆ ఎండాకాలం పొరుగూరి తిరునాళ్ళకు మా జట్టును పిలిచారు. పెద్దమ్మ ఆ రోజు ఎవరితోనూ పరాచికాలాడలేదు. ఎందుకంటే మా వైపు ఒక కట్టుబాటు ఉండేది. పరాయి ఊళ్ళో జడ వేసి, విప్పలేక తాళ్ళు కోయాల్సి వస్తే ఆ గురువు తన తాళాలను ఆ ఊరివాళ్ళకు అప్పజెప్పి రావాలి. మళ్ళీ జట్టు కట్టకూడదు. అలా తాళాలు పోగొట్టుకున్న ఒక ముసలాయన మా ఊళ్ళోనే ఉండేవాడు. ఎక్కడైనా కోలాటం చప్పుడు వినిపిస్తే ఆయన లేచి ఇంట్లోకి వెళ్ళిపోయేవాడు. మా పెద్దనాయనకు పిల్లలు లేరు. కోలాటం పోతే ఆయనకు ఏం మిగులుతుందో పెద్దమ్మకు తెలుసు. మేం బండి ఎక్కుతుంటే వచ్చి, "అన్ని కోపులూ ఆడండి, ఆ జడ ఒకటి ఇడిసిపెట్టు" అంది మెల్లగా. ఆయన నవ్వి తలపాగా బిగించుకున్నాడు.

ఆ ఊరి చావడి ముందు చింతచెట్టు కొమ్మకు తాళ్ళు కట్టారు. జనం మిద్దెల మీద కూడా కూర్చున్నారు. పొద్దు ఇంకా వాలలేదు, నేల కాలుతోంది. మేం మొదలుపెట్టాం. నా జీవితంలో నేను అంత బాగా ఏ పనీ చేయలేదేమో. పాట, తాళం, కోలల చప్పుడు, గజ్జెలు అన్నీ ఒకటైపోయాయి. సగం జడ అల్లుకున్నాక ఆ ఊరి పెద్దమనిషి వచ్చాడు, వయసు మళ్ళినవాడు, కొత్త ఉత్తరీయం వేసుకుని. జనం లేచి దారి ఇచ్చారు. పెద్దనాయన ఆయనకు నమస్కారం చేశాడు. మా వైపు పెద్దవాళ్ళు ఎదురైతే చేతిలో ఏమున్నా సరే రెండు చేతులూ జోడించాల్సిందే. మళ్ళీ తాళం అందుకున్నాడు. అదంతా రెప్పపాటు పని. ఎవరూ పట్టించుకోలేదు. జడ కిందిదాకా వచ్చింది, జనం ఈలలు వేశారు, మేం వెనక్కి తిరిగి విప్పడం మొదలుపెట్టాం.

కొంతదూరం హాయిగా విడివడింది. ఉన్నట్టుండి నా తాడు బిగిసింది. పక్కవాడిదీ బిగిసింది. ఇంకో రెండు అడుగులు వేసేసరికి ఎవరి తాడు ఎవరిదో తెలియకుండా పోయింది. భయంతో ఒకరిద్దరు లాగారు. చిక్కు ఇంకా గట్టిపడింది. పాట ఆగిపోయింది. జనంలో ముందు నవ్వులు, తర్వాత గోల.

"కోసేయండప్పా! ఇంగ అది రాదు" అని ఒకాయన కొడవలి పట్టుకుని లేచాడు.

"ఆ దూదేకులోల్ల పిల్లోడే తప్పినాడు. నడమ ఆగిపోయినాడు, నా కండ్లతో చూసినా" అన్నాడు మిద్దె మీదినుంచి ఒకడు. "అవునవును, వాడే" అన్నారు ఇంకొందరు. మా జట్టువాళ్ళు కూడా హుసేనుకేసి చూశారు. వాడి మొహంలో నెత్తురు లేదు. పెద్దనాయన తాళాలు పోతే అది తన మూలంగానే అనుకుంటున్నాడని నాకు తెలుస్తోంది. చేతిలోని పసుపుతాడును మాత్రం వదల్లేదు.

పెద్దనాయన గొంతు పెంచలేదు. "ఎవురు తప్పినారని నేను అడగల్యా. యాడ తప్పిందో చూస్తాండా. కొంచేపు ఊరుకోండి." మా వైపు తిరిగి, "లాగొద్దండి. ఇడసొద్దండి. ఊరికే పట్టుకోండి" అన్నాడు. ఆ తర్వాత ఇంట్లో గడప మీద కూర్చుని చూసినట్టే తలెత్తి ఆ చిక్కును చూస్తూ నిలబడ్డాడు. అంత జనం, అంత గోల, కొడవలి పట్టుకున్న మనిషి పక్కనే ఉన్నాడు, ఆయన మాత్రం చూస్తున్నాడు. చూసి చూసి, విప్పుతూ వేసిన చివరి అడుగులను ఒక్కొక్కటిగా మాచేత వెనక్కి వేయించాడు. చిక్కు పడకముందు జడ ఎలా ఉందో అలా తిరిగి వచ్చింది. అక్కడ ఆపి వేలు పెట్టి చూపించాడు. మిగతా తాళ్ళన్నీ వరుసలో ఉన్నాయి. పసుపుది ఒక్కటి కింద ఉండాల్సిన చోట పైన ఉంది.

అది హుసేను తాడు. "చెప్తిమి గదా!" అని జనం అరిచారు.

"హుసేనూ, ఆడ ఏం చేసినావు?" అని అడిగాడు పెద్దనాయన. కోపం లేదు, ఇంట్లో తాడును అడిగినట్టు అడిగాడు.

"ఆగినా, పెద్దాయనా."

"ఎందుకు ఆగినావు?"

వాడు మొదటిసారి తలెత్తి ఆయన కళ్ళలోకి చూశాడు. "తాళం ఆగింది" అన్నాడు.

పెద్దనాయన తన రెండు చేతులకేసి చూసుకున్నాడు. ఆయనకు అప్పుడు అర్థమైంది. నాకు ఇంకాసేపటికి అర్థమైంది. ఆయన దండం పెట్టినప్పుడు తాళాలు రెండూ అరచేతుల మధ్య మూగబోయాయి. మాలో కొందరం ఆయనకు వీపు పెట్టి ఉన్నాం, కొందరు పాట ఊపులో ఉన్నారు. మా కాళ్ళు వాటంతట అవే పోయాయి. కట్టడి గుర్తుపెట్టుకుని ఆగినవాడు హుసేను ఒక్కడే. మేమందరం కలిసి తప్పాం గనక వాడొక్కడు తప్పినట్టు కనబడ్డాడు.

పెద్దనాయన జనం వైపు తిరిగాడు. "తప్పు పిల్లోనిది కాదప్పా. నాది. మీ పెద్దాయనకు దండం పెడతా తాళం ఇడిసినా. నన్ను చూసినోడు ఆగినాడు, చూడనోళ్ళు పోయినారు." పరాయి ఊళ్ళో, ఆ కట్టుబాటు మెడ మీద ఉండగా, ఒక గురువు ఆ మాట అనడం వాళ్ళెవరూ విని ఉండరు. తప్పును ఒక కుర్రవాడి మీద వదిలేయడానికి ఊరు ఊరంతా ఆయనకు సాయం చేస్తున్నప్పుడు అన్నాడు. ఆ క్షణంలో మా పెద్దనాయన ఎంత ఎత్తు కనిపించాడో నేను చెప్పలేను. తర్వాత ఎందరో గొప్పవాళ్ళ పక్కన కూర్చున్నాను గానీ, ఆ ఎత్తు మళ్ళీ చూడలేదు.

"ఇప్పుడు ఇప్పల్ల" అన్నాడు మాతో. "తప్పును సరిజేసి ఇప్పేకి కాదు. ఎట్ల పడిందో అట్లే ఇప్పల్ల. ఆడికి వచ్చినాక నేను దండం పెడతా. హుసేనూ, నువ్వు ఆగు. మిగిలినోళ్ళు పోండి." తాళం అందుకున్నాడు. మేం వెనక్కి నడిచాం. ఆ చోటికి రాగానే ఆయన ఆ పెద్దమనిషికి ఎదురుగా తిరిగి మళ్ళీ రెండు చేతులూ జోడించాడు. తాళం ఆగింది. హుసేను ఆగాడు. మేం పోయాం. పైన పసుపుతాడు మెత్తగా జారి తన చోటికి వచ్చింది. ఆ ముసలి పెద్దమనిషికి సంగతి తెలిసి, ఆయనా లేచి చేతులు జోడించాడు. ఇంక ఆ తర్వాత జడ నీళ్ళలా విడిపోయింది. తాళ్ళన్నీ వేటికవి గాలికి ఊగుతుంటే జనం వేసిన కేకలకు బండ్లకు కట్టేసిన ఎద్దులు బెదిరాయి. కొడవలి తెచ్చినాయనే వచ్చి హుసేనును భుజాన ఎక్కించుకున్నాడు.

తిరిగి వచ్చాక పెద్దమ్మ అంతా విని, "నేను చెప్పినా గదా జడ వద్దని" అని విసుక్కుంటూనే అందరికీ అన్నం పెట్టింది. ఆ రోజు హుసేను మా పంక్తిలో, పెద్దనాయన పక్కన కూర్చున్నాడు. చెయ్యి కడుక్కున్నాక పెద్దనాయన తాళాలు గోడకు తగిలిస్తూ, "నా తర్వాత ఇవి వీనివి" అన్నాడు. బంధువుల్లో ఎవరో నన్ను చూపించి, ఇంటి పిల్లోడు ఉండంగా పక్కింటికి ఇస్తారా అని గొణిగారు. "తాళం చూసి ఆగినోనివి ఇవి. ఇంటివి కాదు" అన్నాడాయన. మాట ప్రకారమే జరిగింది. నేను చదువుకని ఊరు విడిచాను, హుసేను గురువయ్యాడు.

ప్రోగ్రాము నడవకపోతే ఇప్పటి పిల్లలు ఏం చేస్తారో చూస్తూనే ఉన్నాను. సగం మంది మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెడతారు, అంటే తాడు కోసేస్తారు. మిగతా సగం అక్కడో మాట ఇక్కడో మాట మార్చి చూస్తారు, అంటే లాగుతారు. ఏ వరుస ఎవరు రాశారో చెప్పే సాధనాలు కూడా వచ్చాయి, పని చెడితే పెద్ద కంపెనీల్లో కూడా ముందు దాన్నే తెరుస్తారట. అది వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నా ల్యాబులో "ఎవరు" అన్న మాట నిషేధం. "ఎక్కడ" అని అడగమనేవాణ్ణి. తప్పు పడ్డ దారినే వెనక్కి నడిచి, అది పుట్టిన చోటు కనబడేదాకా దేన్నీ ముట్టుకోవద్దనేవాణ్ణి. చాదస్తం అనుకునేవాళ్ళు. అయినా ఒప్పుకోవాలి, ఇప్పటి పిల్లల తెలివి మాకు లేదు, వాళ్ళ చేతిలో ఉన్న యంత్రాల వేగం మేం కలగనలేదు. లేనిదల్లా గడప మీద కూర్చుని కాసేపు ఊరికే చూసే ఓపిక.

మస్తాను నా జవాబు కోసం చూస్తున్నాడు. "ఇవి మా ఇంటివి కావు నాయనా" అన్నాను. "మన ఊళ్ళో ఇప్పుడు కోలాటం ఎవరైనా ఆడుతున్నారా?"

"మొగోళ్ళు ఇడిసిపెట్టినారు, చిన్నాయనా. ఆడపిల్లోళ్ళు ఆడతాండారు. నా కూతురే నేర్పుతాండాది. నాయన దానికి శానా నేర్పిపోయినాడు" అని లోపలికి కేకేశాడు.

చున్నీ సర్దుకుంటూ ఒక అమ్మాయి వచ్చింది. నేలను చూసి మాట్లాడే అలవాటు తాతదే. "తాళం వేస్తాను, ఒక రెండడుగులు వేయి తల్లీ, చూస్తాను" అన్నాను. సిగ్గుపడి నవ్వింది, తండ్రి తల ఊపాక వాకిట్లోకి దిగింది. తాళం అందుకున్నాను, బాగానే పలికింది. ఆమె కాళ్ళు కదిలాయి. కళ్ళు మాత్రం నా చేతుల మీదినుంచి కదల్లేదు.

నేను ఉన్నట్టుండి రెండు చేతులూ జోడించాను. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయింది.

తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టాను.